జెర్డన్ దొర – కలివికోడి

ఆఫ్రికా ఖండమునందు సెరెంగెటీ యను విశాలమైన గడ్డిమైదానము కలదు. ఏటేట దేశదేశములనుండి జనులు అచ్చటికి పోయి, తెల్లవారుజామున మోటారుబండ్ల నెక్కి, ప్రొద్దుగ్రుంకువరకు మృగములను చూచుచుందురు. ఒక్క పగటిలోనే సింహములు, ఏనుగులు, జిరాఫీలు, చారలగుఱ్ఱములు, మందలు మందలుగా వలసపోవు గ్నూ జంతువులు కంటబడును. చూచినవానిని చిన్న పుస్తకములో వ్రాసికొని, సాయంకాలము బసకు చేరి లెక్క సరిచూచుకొని మురియువారు కలరు. ఆ లెక్కలో తరచుగా చేరని పక్షి యొకటి అక్కడ ఉన్నది. అది పూరేడుకంటె పెద్దది, కాళ్లు పొడవైనది, ఎగురుటకంటె పరుగెత్తుటయందే ఇష్టము కలది. బండి సమీపింపగానే నాలుగడుగులు పరుగిడి, నిలిచి, మట్టివన్నెలో మట్టియై పోవును. సింహమును వెదకు కన్నులకు అది ఆనదు.

ఆ పక్షికి దగ్గరి చుట్టములు మరి రెండు జాతులు ఆఫ్రికాలోనే కలవు. ఆ ఖండమునకు వెలుపల, ప్రపంచమంతటిలోను, దాని చుట్టము ఒక్కటే. ఆ ఒక్కదాని ఇల్లు మన పెద్దలు విడిచివచ్చిన తెలుగునేల. కడప మండలమున కొండల దిగువనున్న ముండ్లపొదల నేల. శాస్త్రజ్ఞులు దానిని థామస్ కేవర్‌హిల్ జెర్డన్ అను ఒక వైద్యుని పేర పిలుతురు. ఆ వైద్యుని జీవితమును, ఆయనకు ఆ పక్షి లభించిన విధమును మన విద్యార్థులకు చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము.

జెర్డన్ 1811వ సంవత్సరమున ఇంగ్లండునందలి డర్హాం మండలమున జన్మించెను. వారిది స్కాట్లండు వంశము. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదువుచు, జేమ్సన్ అను ఆచార్యుని ప్రకృతిశాస్త్ర తరగతులలో చేరెను. కొన్నియేండ్లకు ముందు చార్లెస్ డార్విన్ కూర్చుండి విసుగుచెందిన తరగతులు అవియే. ఒకే గురువు మాటలు ఒకనికి నిద్రయు మరియొకనికి మేలుకొలుపును కావచ్చును. ఉపాధ్యాయులమైన మాకు ఇది కొంత ఊరటనిచ్చు సంగతి. పిమ్మట జెర్డన్ వైద్యము నేర్చి, ఈస్టిండియా కంపెనీ సైన్యమున సహాయ వైద్యుడుగా ఉద్యోగము సంపాదించి, 1836వ సంవత్సరమున మద్రాసు రేవున దిగెను. అప్పటికి ఆయన వయస్సు 24 ఏండ్లు.

మొదట ఆయనను గంజాము ప్రాంతమునకు పంపిరి. అక్కడి సైనికులు జ్వరములతోను, విరేచనములతోను బాధపడుచుండిరి. పగలు వారికి మందులిచ్చుచు, తీరిక చిక్కినపుడు తూర్పుకనుమలలో పక్షులను సేకరించుచుండెను. మరుసటి యేడు తిరుచిరాపల్లియందలి అశ్వికదళమునకు మారెను. తరువాత జాల్నా, నీలగిరి కొండలు. దండు ఎచ్చటికి కదలిన ఆయనయు అచ్చటికి కదలవలసినదే గదా. సైన్యోద్యోగమున ఇది కష్టమని ఇతరులు తలంతురు. జెర్డన్‌కు మాత్రము ప్రతి బదిలీయు ఒక క్రొత్త అడవి.

ఆ రోజులలో జరిగిన ఒక నష్టము ఆయన జీవితమును మార్చెను. తాను కూర్చిన పక్షులకు సరియైన పేర్లు నిర్ణయింపుడని వేడుచు, ఆయన వానిని స్కాట్లండునందలి విలియం జార్డిన్ అను పండితునికి ఓడలో పంపెను. ఓడ చేరునప్పటికి చర్మములను పురుగు తినివేసినది. ఏండ్ల శ్రమ పిండియైపోయెను. మరియొకడైనచో ఆ పనికి నమస్కరించి ఊరకుండును. జెర్డన్ అట్లు చేయలేదు. ఇకమీదట దూరదేశపు పండితునికై ఎదురుచూడక, తన కన్నులనే నమ్ముకొని, తానే నిర్ణయింపవలెనని తలంచెను. అట్లు 1839, 1840 సంవత్సరములలో మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికయందు దక్షిణభారత పక్షుల పట్టికను ప్రకటించెను. అందులో 420 జాతులు చేరెను. అంతకుముందు సైక్స్ అను సైనికాధికారి సిద్ధపరచిన పట్టికకు ఇది ఇంచుమించు రెండింతలు. 1843 మొదలు 1847 వరకు 50 వర్ణచిత్రములతో పక్షుల గ్రంథమొకటి వెలువరించెను. ఆ చిత్రములు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే.

ఆయన దృష్టి ఆకాశముమీదనే నిలిచియుండలేదు. 1851వ సంవత్సరమున దక్షిణదేశపు చీమలను గూర్చి ఒక పట్టిక వ్రాసెను. గింజలను మోసికొనిపోయి పుట్టలో చేర్చుకొను చీమలను, ఎరపైకి మిడుతవలె దుముకు పెద్దకన్నుల చీమను ఆయన వర్ణించెను. ఆ దుముకు చీమకు ఆయన పెట్టిన శాస్త్రనామమే నేటికిని శాస్త్రజ్ఞుల వాడుకలో ఉన్నది. సర్పములు, చేపలు, తొండలు, కప్పలు, అన్నియు ఆయనకు కావలెను.

ఇక నెల్లూరు. మాకు ముఖ్యముగా చెప్పవలసినది ఇదియే. 1840 తరువాత కొంతకాలము జెర్డన్ నెల్లూరున సివిల్ వైద్యుడుగా పనిచేసెను. ఆ మండలమున యానాదులను జనులు కలరు. అడవులయందును, సముద్రతీరమందలి శ్రీహరికోట దీవియందును వారి నివాసములు. చేపలు పట్టుట, తేనె తీయుట, మందు మూలికలు గుర్తించుట వారికి పుట్టుకతో వచ్చిన విద్య. పట్టణమువారు వారిని చదువులేనివారని చిన్నచూపు చూచుచుండిరి. జెర్డన్ మాత్రము వారిని తనకు ఉపాధ్యాయులుగా చేసికొనెను. ఏ పిట్ట ఏ పొదలో గ్రుడ్లు పెట్టునో, ఏది రాత్రి తిరుగునో, ఏ కూత దేనిదో వారి వలన విని తెలిసికొనెను. తాను చూచినదానికి వారు చెప్పిన పేరును గూడ ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను.

నెల్లూరు, కడప మండలముల నడుమనున్న రాతినేలలలో ఆయనకు ఒక అపూర్వమైన పక్షి లభించెను. కన్నులు పెద్దవి, కాళ్లు పసుపువన్నెవి, గొంతుక్రింద కావిరంగు మచ్చ, రొమ్ముపై రెండు పట్టెలు. దానిని కలకత్తానందలి ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలాధికారి బ్లైత్ పరిశీలించి, 1848వ సంవత్సరమున లోకమునకు తెలిపెను. రొమ్మున రెండు పట్టెలు కలదని శాస్త్రనామముంచెను. వాడుకపేరు జెర్డన్‌కు దక్కెను. జెర్డన్ మాత్రము తన పుస్తకమున దానికి తెలుగువారు పెట్టుకొన్న పేరును గూడ మరువక వ్రాసెను. ఇంగ్లీషు అక్షరములలో నలిగియున్నను, అడవి ఊటతిత్తి యని మనము దానిని చదువుకొనవచ్చును.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. ఆ కాలమున పక్షిని తెలిసికొనుట యనగా దానిని తుపాకితో కాల్చి, చర్మమొలిచి, దూది కూర్చి పెట్టెలో నుంచుటయే. జెర్డన్‌ను ఆ దోషమునుండి తప్పింపలేము. ఆయనకు దారిచూపిన యానాదుల పేర్లును పక్షుల పేర్లవలె గ్రంథములకెక్కియున్నచో ఎంత బాగుండెడిదో! పక్షికి దొర పేరు వచ్చినది. చూపినవానికి పేరు లేదు. అయినను, ఆ యజ్ఞాతవ్యక్తుల నోటిమాట గ్రంథమున నిలిచినది. హిందూస్తానీ పేరు, తెలుగు పేరు, అరవ పేరు పక్కపక్కనే ఆయన వ్రాసెను. గిజిగాడు, బట్టమేక వంటి మన మాటలు లండనులోని గ్రంథాలయములకును చేరెను.

మా తప్పొకటి చెప్పుకొందుము. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని వచ్చిన క్రొత్తలో, ఈ రాజపాళయపు పిల్లలు ఇంటినుండి తెచ్చు మాటలలో నిఘంటువునకెక్కని వానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేయుచుంటిమి. ఒకప్పుడు పిట్టలను గూర్చి వ్యాసము వ్రాయించితిమి. ఒక బాలుడు తన అవ్వ పలుకు పేరుతో ఒక పిట్టను వర్ణించెను. మేము దానిని కొట్టి గ్రంథమందలి పేరును పైన వ్రాసితిమి. ఆ బాలుడు తరువాతి వ్యాసములలో పిట్టల ఊసే ఎత్తలేదు. ఆ పేరు ఏమైయుండెనో ఇప్పుడు మాకు జ్ఞాపకము లేదు. జెర్డన్ గ్రంథమున తెలుగు పేర్లను చూచిననాడు ఆ ఎఱ్ఱగీత మా కన్నులయెదుట కదలినది. మన ఊరికి పడమట, 1988లో బూడిదవన్నె పెద్దయుడుతకై ఏర్పడి 2021లో పులుల సంరక్షణాలయమున చేరిన శ్రీవిల్లిపుత్తూరు అడవి యున్నది. అయ్యనార్ జలపాతమునకు పోవు దారిలో ఆ యుడుతను చూచి వచ్చిన పిల్లలను ఇప్పుడు మేము మొదట అడుగునది, దీనిని మీ ఇంటిలో ఏమందురు అని.

నెల్లూరు తరువాత జెర్డన్ మలబారు తీరమందలి తలచేరికిని, అటుపిమ్మట మధ్యభారతమందలి సాగరుకును బదిలీ అయ్యెను. గవర్నరు జనరల్ కానింగు ప్రభువు ఆయన శ్రమను గుర్తించి, భారతదేశపు వెన్నెముకగల ప్రాణులను గూర్చి గ్రంథములు వ్రాయుటకై ప్రత్యేకోద్యోగమున నియమించెను. 1862 మొదలు 1864 వరకు భారతదేశ పక్షులను గూర్చిన మహాగ్రంథము వెలువడెను. అందు వెయ్యికి పైబడిన జాతులు కలవు. 1867లో క్షీరదముల గ్రంథము వచ్చెను. దేశమున ఏ మారుమూల ఉద్యోగి పక్షిని చూచినను ఆ పుస్తకమును తెరచి పోల్చుకొనుట అప్పుడే అలవాటైనది. 1868లో ఉద్యోగము చాలించి, 1870లో స్వదేశమునకు మరలి, 1872 జూన్ 12వ తేదీన లండను సమీపమున అప్పర్ నార్‌వుడ్ నందు మరణించెను. వయస్సు 60 ఏండ్లు.

ఆయన పేరుగల పక్షియు కొన్నాళ్లకు కనుమరుగయ్యెను. 1900వ సంవత్సరము తరువాత దానిని చూచితినని నమ్మకముగా చెప్పినవాడు లేడు. పండితులు వెదకిరి, దొరకలేదు. అంతరించినదనియే చాలమంది తలంచిరి. వెదకినవారు పగటివేళ వెదకిరి; ఆ పక్షి రాత్రించరము. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు తిరిగి ప్రయత్నించినపుడు, భరత్ భూషణ్ అను పరిశోధకుడు కడప పల్లెలలో తిరుగుచు, అడవినెరిగిన మనుష్యులను విచారించెను. వారికి ఆ పక్షి తెలియును! కలివిపొదల నడుమ తిరుగునది గనుక దానిని కలివికోడి యని వారు పిలుచుచుండిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపమున, ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుతురున దానిని పట్టి తెచ్చెను. 86 ఏండ్లు లోకమునకు లేని పక్షి, పల్లెవారి మాటలో అంతకాలమును బ్రతికియే యుండినది.

తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. పక్షి కంటబడుట దుర్లభము గనుక, పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పరచి, తెల్లవారిన పిమ్మట దానిపై అడుగుజాడలు చూచి లెక్కించిరి. ఆఫ్రికాలో బండిపై నుండి ఒక పగటిలో నూరు మృగములను చూచినవారు, ఇక్కడ నెలలతరబడి మోకాళ్లపై కూర్చుండి మూడు వ్రేళ్ల గుర్తుకై వెదకువారిని చూచి ఏమనుకొందురో! ఈ శతాబ్దపు తొలి దశకమున తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలలోనికి వచ్చెను. మద్రాసు దప్పికను తీర్చుటకై సంకల్పించిన పథకమది. నీరు త్రాగువారిలో మన బంధువులును కలరు. పక్షిప్రేమికులు మొరపెట్టుకొనగా కాలువదారి మార్చబడినది.

చివరిగా ఒక గ్రుడ్డు మాట. స్కాట్లండునందలి అబర్డీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో ఒక గ్రుడ్డు భద్రపరచబడియుండెను. అది 1917లో మన పొరుగుననే, తెలుగు వినబడు కోలారు బంగారుగనుల ప్రాంతమున దొరకినది. పాత చర్మమునందలి కణములతో దానిని పోల్చిచూచి, అది కలివికోడి గ్రుడ్డేయని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఎవరును చూడలేదని పుస్తకములు చెప్పిన ఆ కాలముననే, కోలారు పొదలలో ఒక కలివికోడి గూడు పెట్టుకొనియుండినది.