కౌబాయ్‌ని తెలుగోడిని చేసిన పండితుడు.. ఆరుద్ర గురించి ఈ సంగతి తెలుసా?

గుర్రం, టోపీ, నడుముకు తుపాకీ.. కృష్ణ కౌబాయ్ క్లిప్పులు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. పటాన్‌చెరులో షిఫ్ట్ దిగి బస్సెక్కిన కుర్రాడు కూడా ఓ నిమిషం ఆగి చూస్తాడు. ఆ కథ రాసింది మాత్రం తెలుగు సాహిత్య చరిత్ర మొత్తాన్ని తవ్వి తీసిన పెద్ద పండితుడంటే చాలామంది నమ్మరు. ఆయనే ఆరుద్ర.

అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి. 1925 ఆగస్టు 31న పుట్టారు. ఊరు విశాఖ వైపు. 1943లో చదువు ఆపేసి వైమానిక దళంలో చేరి, అక్కడ బ్యాండ్‌లో పనిచేశారు. యుద్ధం అయిపోయాక మద్రాసు చేరి పత్రికలో ఎడిటర్ అయ్యారు.

అప్పుడే 'త్వమేవాహం' వచ్చింది. తెలంగాణలో రజాకార్ల అఘాయిత్యాలు ఆయన్ని కుదిపేశాయి, ఆ కావ్యం రాయించాయి. ఇప్పటి సంగారెడ్డి, పటాన్‌చెరు అంతా అప్పుడు నిజాం ఏలుబడిలోనే ఉంది. కోస్తా కవి ఇక్కడి జనం బాధను రాశారన్నమాట.

తర్వాత సినిమాల్లోకి వచ్చారు. పాటలు, మాటలు రాస్తే ఇల్లు గడిచేది. కానీ మనసంతా 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' మీదే. ఓ యూనివర్సిటీ చేయాల్సిన పని ఒక్కడే నెత్తినేసుకుని, 1965 నుంచి 12 సంపుటాలు తెచ్చారు. డబ్బులొచ్చే పని ఒకటి, ప్రాణం పెట్టిన పని ఇంకొకటి. రెండూ ఒకే చేత్తో చేశారు.

సరిగ్గా ఆ టైంలోనే హాలీవుడ్, ఇటలీ కౌబాయ్ సినిమాలు ఇక్కడి కుర్రకారును ఊపేస్తున్నాయి. సెర్జియో లియోనీ తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' 1966 నాటిది. అందులో పూర్తిగా మంచోడు ఎవడూ లేడు. దొంగను పట్టించి బహుమతి తీసుకుంటాడు, ఉరితాడు బిగిసేలోపు తుపాకీతో తాడు తెంపి వాణ్నే కాపాడతాడు. ఇద్దరూ డబ్బు పంచుకుంటారు. అలాంటోడు హీరో!

ఇలాంటి సినిమా తెలుగులో చేయాలని కృష్ణ అనుకున్నారు. చిక్కేంటంటే, మన దగ్గర కౌబాయ్‌లు లేరు, షెరీఫ్‌లూ లేరు. ఆరుద్ర దీనికి చరిత్రనే వాడుకున్నారు. కథను బ్రిటిష్ కాలానికి తీసుకెళ్లి, ఓ సంస్థానం, దాని నిధి చుట్టూ అల్లారు. కె.ఎస్.ఆర్.దాస్ డైరెక్షన్, రాజస్థాన్ ఎడారిలో షూటింగ్. 1971 ఆగస్టు 27న 'మోసగాళ్ళకు మోసగాడు' రిలీజైంది. మన దేశంలో తొలి కౌబాయ్ సినిమాగా పేరు తెచ్చుకుంది.

టైటిల్ చూడండి. రాముడు, కృష్ణుడు హీరోలుగా వెలుగుతున్న రోజుల్లో హీరోనే మోసగాడన్నారు! అయితే నిజం చెప్పాలంటే కృష్ణ పాత్ర లియోనీ హీరో అంత మొండిది కాదు. అమ్మానాన్నలను చంపినవాళ్ల మీద పగ అనే కారణం ఉంది కాబట్టి జనం ఎటూ క్షమించేస్తారు. అసలు తికమక పెట్టేది నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న. కాసేపు తోడుంటాడు, కాసేపటికే ముంచేస్తాడు. విలన్ అందామంటే నవ్వొస్తుంది, మంచోడు అందామంటే భయమేస్తుంది. సినిమాలో హీరో తర్వాత గుర్తుండిపోయేది ఈ నాగన్నే.

సినిమా తమిళం, హిందీల్లోకే కాదు, ఇంగ్లీషులోకీ డబ్ అయింది. ఆరుద్ర మాత్రం మళ్లీ తన పుస్తకాల్లో మునిగిపోయారు. 'గురజాడ గురుపీఠం'కు 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1998 జూన్ 4న కన్నుమూశారు.

2023 మే 31న, కృష్ణ జయంతి రోజున, ఈ సినిమా 4కేలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఆరుద్ర పోయి అప్పటికి పాతికేళ్లు. ఆయన భార్య, రచయిత్రి కె.రామలక్ష్మి కూడా అదే ఏడాది మార్చిలో వెళ్లిపోయారు.