ఇసుకలో పునాది

కోనసీమ వాసులు కాటన్ దొరగా పిలుచుకొనే సర్ ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లాండులో జన్మించాడు. సైనిక ఇంజనీరుగా శిక్షణ పొంది 1821లో మద్రాసు చేరుకొన్నాడు. ఆయన దొరతనం కంటె శిష్యరికమే మనం ముందుగా గమనింపదగినది.

కావేరీ తీరంలో పనిచేసే రోజులలో ఆయన చూపు చోళుల నాటి కల్లణైపై నిలిచింది. ఆ నదిలో ఎంత లోతు తవ్వినా ఇసుకే. రాతినేల తగలనిదే గోడ నిలువదని నాటి ఇంజనీర్ల నమ్మకం. మరి ఆ కట్ట శతాబ్దాలుగా ఎట్లు నిలిచింది? పరిశీలింపగా మర్మం తెలిసింది. పెద్ద రాళ్లను ఇసుకలో పడవేయాలి. ప్రవాహం అడుగును కోసినకొద్దీ అవి దిగుతూ పోయి, ఒకచోట కదలక నిలుస్తాయి. వాటిపై మరికొన్ని రాళ్లను బంకమట్టితో పేర్చితే అదే పునాది! పేరైనా మిగలని పనివారు నేర్పిన పాఠమిది.

1833 నాటి కరవులో నిండు గోదావరి పక్కనే జనం ఆకలితో మరణించారు. ఆ నదికి ఆనకట్ట కట్టవచ్చునని కాటన్ 1844లో నివేదించాడు. 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలైంది. సమీపంలోని కొండరాళ్లే ఇసుకలోకి దిగాయి. నడుమ ఆరోగ్యం చెడి ఆయన సెలవుపై వెళ్లవలసివచ్చినా పని ఆగలేదు. తెలిసినది తనలోనే దాచుకొనక సహాయకులకు నేర్పినవాడు గనుక. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

అయినా రాజోలు ప్రాంతానికి నీరందాలంటే వైనతేయ పాయ అడ్డు. కాటన్ వద్ద పనిచేసిన హేగ్ అనే యువ ఇంజనీరు గన్నవరం వద్ద నలభై తొమ్మిది కమానులతో అక్విడక్టు నిర్మించి, నదిమీదుగా కాలువను నడిపించాడు. క్రింద నది, పైన కాలువ! లంకల రైతుకు అది ఎంతటి వింతయో ఊహింపవచ్చు.

కాటన్ పేరు ప్రతిష్ఠలు గడించిన పిమ్మట, 1874లో, ఇసుకలో పునాది వేయడం తాము భారతీయుల వద్దనే నేర్చుకొన్నామని, వంతెనలకూ ఆనకట్టలకూ అక్విడక్టులకూ ఆ పాఠమే ఆధారమని బాహాటంగా వ్రాశాడు. పాలకజాతికి చెందిన అధికారి ఆ కాలంలో అట్లు వ్రాయడం సామాన్యం కాదు.

ఆయన 1899లో మరణించాడు. గన్నవరంలో 2000లో డొక్కా సీతమ్మ పేర కొత్త అక్విడక్టు వచ్చేవరకు రాజోలు సీమ పొలాలకు నీరు హేగ్ కమానుల మీదుగానే సాగింది.