ఎదురు చెప్పినవాళ్ల మాటే నెగ్గింది

సూర్యాపేట బస్టాండ్ ముందు ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. పాత స్‌ప్లెండర్ ఒక్కటైనా మీ ముందు నుంచి పోతుంది. దాని మీద హీరో పక్కన హోండా అనే పేరు రంగు వెలిసినా ఇంకా కనిపిస్తుంటుంది. కోదాడలోనూ, మిర్యాలగూడలోనూ ఇంతే. హోండా అంటే జపాన్ కంపెనీ అని మీకు తెలిసే ఉంటుంది. అది ఓ కమ్మరి కొడుకు ఇంటిపేరని, ఆయనకు ఇంజిన్ల మీద ఎంత ప్రేమో మనుషుల మీద అంత కోపమని చాలామందికి తెలియదు. ఆ కోపిష్టి మనిషి తన దగ్గర పనిచేసే కుర్రాళ్లతో వాదనకు దిగాడు. చివరికి వాళ్ల మాటే నిలబడనిచ్చాడు. ఆ కథే ఇది.

ఇప్పుడెందుకీ కథ అంటారా? మన మూడు పట్టణాల్లోనూ బైకులంటే ప్రాణం పెట్టే యువత ఎక్కువ. ఆదివారం తెల్లవారుజామున నలుగురైదుగురు కలిసి సాగర్ దాకా వెళ్లొస్తారు. రేసుల గురించి, ఇంజిన్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. అలాంటి ప్రతి బృందంలోనూ ఒకడు ఉంటాడు. నీ బ్రేకు సరిగ్గా పట్టడం లేదు, ఈ బండి మీద నేను రాను అని అందరి ముందే అనేస్తాడు. హైవే మీద పందెం ఏంట్రా అని నిలదీస్తాడు. వాడి మాట చేదుగా ఉంటుంది. నెమ్మదిగా వాడిని పిలవడం మానేస్తారు. మరి అలా మానేస్తే బృందం బాగుపడుతుందా? సొయిచిరో హోండా జీవితం చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

నూనె వాసన వెంట పరుగు

సొయిచిరో 1906 నవంబరు 17న జపాన్‌లోని హమమత్సు దగ్గర కోమ్యో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గిహెయ్ కమ్మరి. కొలిమి పనితో పాటు సైకిళ్లూ బాగుచేసేవాడు. తల్లి మికా నేత పని చేసేది. ఆ పల్లెకు మొదటిసారి మోటారు కారు వచ్చిన రోజున పిల్లాడు దాని వెనకాలే పరిగెత్తాడు. కారు ఆగినచోట నేల మీద పడ్డ నూనె చుక్కల వాసన చూసి మురిసిపోయాడు. బడి చదువు మాత్రం ఒంటబట్టలేదు.

1922లో, 15 ఏళ్ల వయసులో టోక్యో వెళ్లి ఆర్ట్ షోకాయ్ అనే మెకానిక్ షెడ్డులో చేరాడు. మొదటి కొన్ని నెలలు అతడికి పానా ముట్టుకునే భాగ్యం కలగలేదు. యజమాని పసిబిడ్డను ఆడించడమే పని. అయినా వదిలి వెళ్లలేదు. మెల్లగా పని దొరికింది. ఆ షెడ్డువాళ్లు విమానం ఇంజిన్ బిగించి ఓ రేసు కారు తయారుచేశారు. 1924లో జరిగిన పోటీలో అది గెలిచింది. అప్పుడు డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్న కుర్ర మెకానిక్ సొయిచిరోనే. అప్పటి నుంచి రేసుల పిచ్చి అతడిని వదల్లేదు.

1928లో హమమత్సు తిరిగొచ్చి అదే షెడ్డుకు శాఖ తెరిచాడు. 1936లో టోక్యో దగ్గర తమగావా ట్రాక్‌పై తన కారుతో పోటీలో దిగాడు. ఇంకో కారు తగిలి బండి గాల్లోకి లేచింది. తమ్ముడు బెంజిరో కూడా అందులోనే ఉన్నాడు. ఇద్దరూ గాయపడ్డారు, తమ్ముడికి బాగా ఎక్కువ దెబ్బలు తగిలాయి. వేగానికి ఎంత మూల్యం చెల్లించాలో సొయిచిరోకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత పిస్టన్ రింగుల తయారీకి దిగాడు. లోహం గురించి తనకేమీ తెలియదని అర్థమై, ముప్పై ఏళ్ల వయసులో సాంకేతిక పాఠశాలకు వెళ్లి కుర్రాళ్ల మధ్య కూర్చున్నాడు. తనకు పనికొచ్చే పాఠాలు విన్నాడు, పరీక్షలు మాత్రం రాయలేదు. దాంతో పట్టా రాలేదు. కానీ రింగులు మంచివి తయారయ్యాయి.

ఇద్దరు మనుషులు, ఒక ముద్ర

యుద్ధం ముగిశాక జపాన్‌లో బస్సుల్లేవు, పెట్రోలు లేదు. సైన్యం వైర్‌లెస్ సెట్లకు వాడిన చిన్న ఇంజిన్లు కొని, సైకిళ్లకు బిగించి అమ్మడం 1946లో మొదలుపెట్టాడు. 1948లో హోండా మోటార్ కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాది టకియో ఫుజిసావా వచ్చి చేరాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఈ కథలో అసలు మలుపు ఆయన వల్లే వచ్చింది.

సొయిచిరో ఇంజిన్లు చూసుకున్నాడు. ఫుజిసావా డబ్బు, అమ్మకాలు చూసుకున్నాడు. కంపెనీ అధికారిక ముద్రను కూడా సొయిచిరో ఫుజిసావా చేతిలోనే పెట్టేశాడు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కాదు.

షెడ్డులో సొయిచిరోది పిడుగులాంటి కోపం. పని తప్పుగా చేస్తే అరిచేవాడు, చేతిలో ఉన్న పనిముట్టు విసిరేవాడు, కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన గుణం కాదు. ఈ రోజుల్లో ఏ ఆఫీసులోనూ ఒప్పుకోరు కూడా. అయితే ఆయన దగ్గర ఇంకో గుణం ఉండేది. ఇంజిన్ ముందు కూర్చుంటే చిన్నా పెద్దా చూసేవాడు కాదు. నేల మీదే సుద్దముక్కతో బొమ్మ గీసి వాదించేవాడు. ఎదుటివాడూ వాదించాలని కోరుకునేవాడు. హోదాలు పక్కనపెట్టి అందరూ గోలగోలగా మాట్లాడుకునే సమావేశాలకు ఆ కంపెనీలో ఓ ముద్దు పేరే ఉంది, వైగయ అని.

1954లో కంపెనీ అప్పుల్లో మునిగి ఉన్నప్పుడే, ప్రపంచంలోనే అత్యంత ప్రమాదకరమైన ఐల్ ఆఫ్ మ్యాన్ బైకు రేసులో పోటీ చేస్తామని సొయిచిరో ప్రకటించాడు. స్వయంగా వెళ్లి చూసి బిత్తరపోయాడు. ఐరోపా బైకుల ముందు తమ ఇంజిన్ల శక్తి ఏ మూలకూ రాదు. అయిదేళ్లు కష్టపడి 1959లో మొదటిసారి పోటీకి దిగారు. 125 సీసీ విభాగంలో ఆరు, ఏడు, ఎనిమిది, పదకొండు స్థానాలు దక్కాయి. 1961లో 125, 250 సీసీ విభాగాలు రెండింటిలోనూ మొదటి అయిదు స్థానాలూ హోండావే.

నేను నడపను అన్నవాడు

ఇక కార్ల వైపు వద్దాం. 1964లో హోండా ఫార్ములా వన్‌లో అడుగుపెట్టింది. 1965లో మెక్సికోలో మొదటి గెలుపు. 1967లో జాన్ సర్టీస్ ఆ కారులో ఇటలీ రేసు గెలిచాడు. సర్టీస్ అంటే మామూలోడు కాదు. బైకుల్లో ఏడుసార్లు, కార్లలో ఒకసారి ప్రపంచ చాంపియన్. నోరు కూడా గట్టిదే. నచ్చకపోతే ముఖం మీదే చెప్పేవాడు. ఫెరారీ జట్టు మేనేజర్‌తో గొడవపడి 1966లో సీజన్ మధ్యలోనే బయటికొచ్చిన మనిషి.

సొయిచిరోకు ఓ గట్టి నమ్మకం ఉండేది. ఇంజిన్‌ను నీళ్లతో చల్లార్చినా, ఆ నీళ్లను చల్లార్చేది గాలే కదా, మధ్యలో నీళ్లెందుకు, నేరుగా గాలితోనే చల్లారుద్దాం అని. మీ బైకు ఇంజిన్ చుట్టూ రెక్కల్లా ఉంటాయి చూడండి, ఆ పద్ధతే. చిన్న బైకుకు అది చక్కగా సరిపోతుంది. ఆయన దాన్ని రేసు కారుకూ పెట్టించాడు. అలా వచ్చిందే ఆర్‌ఏ 302. తేలిక కోసం దాని బాడీలో మెగ్నీషియం వాడారు. మెగ్నీషియం అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

సర్టీస్ ఆ కారు నడిపి చూశాడు. ఇది రేసుకు సిద్ధంగా లేదని, తాను నడపనని తేల్చిచెప్పాడు. అయినా కారు ఆగలేదు. 1968 జులై 7న ఫ్రాన్స్‌లోని రూఎన్‌లో హోండా ఫ్రాన్స్ శాఖ తరఫున దాన్ని బరిలో దించారు. నడిపింది 40 ఏళ్ల ఫ్రెంచ్ డ్రైవర్ జో ష్లెసర్. వాన పడుతోంది. ట్యాంకు నిండా పెట్రోలు. రేసు మొదలైన కాసేపటికే కారు అదుపుతప్పి గట్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ష్లెసర్ అక్కడికక్కడే చనిపోయాడు. అదే రేసులో సర్టీస్ పాత కారుతో రెండో స్థానంలో నిలిచాడు. ఆ ఏడాది చివర్లో హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సర్టీస్ మాట చేదుగా ఉండొచ్చు. కానీ అతడు అడ్డం తిరిగింది అహంకారంతో కాదు, బండి ఎక్కి చూసి. మాట్లాడే తీరు బాగాలేదని ఆ మాటలో ఉన్న విషయాన్నీ పక్కన పెడితే ఏమవుతుందో రూఎన్ చూపించింది.

అధ్యక్షుడివా? ఇంజినీరువా?

ఇంత జరిగినా సొయిచిరో నమ్మకం చెదరలేదు. 1969లో హోండా 1300 అనే కారు గాలితో చల్లారే ఇంజిన్‌తోనే మార్కెట్లోకి వచ్చింది. ఇంజిన్ బరువెక్కువ, తయారీ ఖర్చూ ఎక్కువ. అమ్మకాలు అంతంతమాత్రం. అప్పటికే కారు పొగ మీద కఠినమైన చట్టాలు వస్తున్నాయి. పొగ తగ్గాలంటే ఇంజిన్ వేడి ఒకే తీరుగా ఉండాలి. అది నీళ్లతోనే సాధ్యమని తదాషి కుమె లాంటి యువ ఇంజినీర్లు వాదించారు. సొయిచిరో ససేమిరా అన్నాడు. విసిగిపోయిన కుమె కొన్నాళ్లు పనికే రాలేదు.

కుర్రాళ్లు చివరికి ఫుజిసావా దగ్గరికి వెళ్లారు. ఆయన ఇంజినీరు కాదు. ఏ ఇంజిన్ మంచిదో తీర్పు చెప్పే ప్రయత్నం చేయలేదు. సొయిచిరోను ఒకే ఒక్క మాట అడిగాడు. నువ్వు ఈ కంపెనీకి అధ్యక్షుడిగా ఉంటావా, లేక ఇంజినీర్లలో ఒకడిగా ఉంటావా తేల్చుకోమన్నాడు. సొయిచిరో కాసేపు ఆలోచించి అధ్యక్షుడిగానే ఉంటానన్నాడు. అయితే కుర్రాళ్లను నీళ్ల ఇంజిన్ చేసుకోనివ్వాలి కదా అని ఫుజిసావా అడిగితే, సరేనన్నాడు.

తర్వాత ఏం జరిగిందో లోకానికి తెలుసు. 1972లో సివిక్ వచ్చింది. అమెరికా పొగ పరీక్షలో 1975 ప్రమాణాలను అందరికన్నా ముందు దాటిన ఇంజిన్ హోండా సీవీసీసీ. అది నీళ్లతో చల్లారే ఇంజినే.

ఆ సమయంలోనే ఇంకోసారి కుర్రాళ్లు ఆయనకు ఎదురు చెప్పారు. పెద్ద పెద్ద అమెరికా కంపెనీలను ఓడించడానికి ఇదే అదను అని సొయిచిరో ఉత్సాహపడ్డాడు. మేం చేస్తున్నది కంపెనీ కోసం కాదు, సమాజం కోసం అని యువ ఇంజినీర్లు అడ్డుపడ్డారు. ఆయనకు కోపం రాలేదు. తన కాలం అయిపోయిందని అర్థం చేసుకున్నాడు. 1973లో ఫుజిసావాతో కలిసి పదవి నుంచి దిగిపోయాడు. ఐల్ ఆఫ్ మ్యాన్ జట్టును నడిపించిన కవాషిమా తర్వాతి అధ్యక్షుడయ్యాడు. 1983లో ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు? పని మానేసి వెళ్లిపోయిన కుమె!

అదే కాలంలో ఇటలీలో వేరే కథ నడిచింది. 1961లో ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన కొద్ది వారాలకే ఫెరారీలో ఎనిమిది మంది ముఖ్యులు యజమానితో విభేదించి ఉత్తరం రాశారు. ఎంజో ఫెరారీ వాళ్లందరినీ బయటికి పంపేశాడు. 1962 చాంపియన్‌షిప్‌లో ఫెరారీ ఒక్క రేసు కూడా గెలవలేకపోయింది. ఫెరారీ మళ్లీ నిలదొక్కుకుంది నిజమే. కానీ ఆ మనుషుల్లో చాలామంది తిరిగి రాలేదు.

మీ బృందంలో ఫుజిసావా ఎవరు?

పదవి దిగాక సొయిచిరో జపాన్ అంతా తిరిగి వందలాది షాపులు, ఫ్యాక్టరీల్లో పనివాళ్లను కలిసి చేయి కలిపి కృతజ్ఞతలు చెప్పాడు. 1991 ఆగస్టు 5న, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తాను పోయాక కంపెనీ తరఫున ఆర్భాటంగా అంత్యక్రియలు చేయొద్దని ముందే చెప్పాడు. బండ్లు తయారుచేసే మనిషి వల్ల రోడ్ల మీద బండ్లు ఆగిపోకూడదని ఆయన ఉద్దేశం.

రేపు మీ బృందంలో గొడవ వచ్చినప్పుడు ముందుగా ఒకటి చూడండి. ఆ గొడవ దేని గురించి? ఏ కంపెనీ బండి గొప్పది, ఏ రైడర్ మొనగాడు అనే వాదనైతే ఛాయ్ తాగేలోపు అయిపోతుంది, పోనివ్వండి. బ్రేకు గురించో, హెల్మెట్ గురించో, లారీల మధ్య వేగం గురించో అయితే మాత్రం వదలొద్దు. అక్కడ వద్దన్నవాడు ఒక్కడే అయినా సరే, బండి ఆపి చూడాల్సిందే. వాడు గట్టిగా అరిచాడా, మెల్లగా చెప్పాడా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

రెండోది, గొడవపడే ఇద్దరినీ ఎరిగిన మూడో మనిషి ఒకరుండాలి. ఎవరిది తప్పని తీర్పు చెప్పడం ఆ మనిషి పని కాదు. ఇద్దరూ తమ పాత్ర ఏంటో గుర్తు చేసుకునేలా ఒక్క ప్రశ్న అడిగితే చాలు. మూడోది, వాదన నోటితో తేలకపోతే చేసి చూడనివ్వండి. సొయిచిరో కుర్రాళ్లతో ఏకీభవించలేదు, ప్రయత్నించనిచ్చాడంతే. మిగతాది ఇంజినే చెప్పింది.

ఇంకో మాట. ఎదురు చెప్పేవాడు మీరే అయితే, సర్టీస్‌లా ముందు బండి ఎక్కి చూడండి. కుమెలాగా కారణం పట్టుకొని వాదించండి. రేపు ఏ సర్వీస్ సెంటర్‌లో చేరినా, ఏ ఇంజినీరింగ్ కంపెనీలో చేరినా ఈ అలవాటు మీకు పనికొస్తుంది. ఈ ఆదివారం సాగర్ రోడ్డెక్కే ముందు, పోయిన నెల నుంచి మీరు పిలవడం మానేసిన ఆ స్నేహితుడికి ఓ ఫోన్ చేయండి. బండి ఓసారి చూసిపొమ్మని అడగండి.