బంగారువన్నె మందు - యల్లాప్రగడ సుబ్బారావు

చిత్తూరు జిల్లాలో కాణిపాకమునకు చేరువనున్న ఐరాల ప్రాంతమున, వానలు లేక చేలు ఎండిన యేట పెక్కు కుటుంబములను నిలుపునది పాడియావు. నేడు అచ్చటి దొడ్లలో జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు విరివిగా కనబడుచున్నవి. పాలు హెచ్చిన కొలది పొదుగుపై భారమును హెచ్చును. పితికిన పిమ్మట అరగంట వరకు చనుమొన రంధ్రము పూర్తిగా మూసికొనదు. ఆ సమయమున ఆవు పేడలో పండుకొన్నచో సూక్ష్మజీవులు లోనికి జొరబడి పొదుగువాపు వ్యాధిని కలిగించును. వానిని ఎదిరించుటకు రక్తములోని తెల్లకణములు పాలలోనికి దిగును. మంచి పాలలో ఇట్టి కణములు మిల్లీలీటరునకు 2 లక్షలకు లోబడి యుండును. వ్యాధి సోకినప్పుడు అనేక రెట్లు పెరుగును. పాల దిగుబడి తగ్గును. పాలకు ఉప్పదనము వచ్చును. పెరుగు సరిగా తోడుకొనదు. పొదుగు వాచినట్లు కంటికి కనబడక మునుపే ఈ నష్టము మొదలగును. ఉపేక్షించినచో ఆ చనుకట్టు శాశ్వతముగా ఎండిపోవుటయు కలదు.

ఈ వ్యాధికి వాడిన గొప్ప మందులలో ఒకటి ఒక తెలుగువాని ఆధ్వర్యమున వెలువడినది. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. 13వ యేట ఈ బాలుడు కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచెను. తల్లి వెదకించి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను. ఈ సంగతి పరీక్షలకు వెరచు బాలబాలికలు వినదగినది.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఆయన గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాగారమునకు పోయెను. అది అచ్చటి ఆచార్యునకు కంటగింపు అయ్యెను. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. సోదరులలో ఇద్దరు స్ప్రూ అను ప్రేగుల వ్యాధికి బలియైరి. ఆ దుఃఖము ఆయనను పరిశోధన వైపు నడపెను.

1923లో భార్యను స్వదేశమున విడిచి అమెరికా చేరెను. మరల తిరిగి రాలేదు. శేషగిరమ్మ పడిన ఎడబాటును ఏ శాస్త్రగ్రంథమును లెక్కింపదు. బోస్టను నగరమున ఆసుపత్రిలో రాత్రులందు సేవకుని పని చేయుచు, పగలు హార్వర్డులో చదివెను. రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించెను. 1940లో లెడర్లె మందుల పరిశోధనాలయమున చేరెను. ఆయన నాయకత్వమున అచ్చటివారు 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి అది మందైనది! బోదకాలు వ్యాధికి హెట్రజాన్ కూడ అచ్చటనే రూపొందెను.

మట్టిలోని సూక్ష్మజీవులనుండి క్రొత్త మందులు తీయవలెనని సుబ్బారావు సంకల్పించి, 70 ఏండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్‌ను ఆ పనికి నియమించెను. పలుచోట్ల మట్టి తెప్పించి పరీక్షింపగా, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు బంగారువన్నె గల యొక సూక్ష్మజీవి దొరకెను. దానినుండి తీసిన ఆరియోమైసిన్ పెక్కు జాతుల సూక్ష్మజీవులను అణచునది. అది లోకమునకు 1948లో వెల్లడియైనది. కొలది వారములకే, ఆగస్టు మాసమున, తన 53వ యేట సుబ్బారావు పరమపదించెను.

ఆ మందును చనుమొన రంధ్రము ద్వారా పొదుగులోనికి ఎక్కించు పద్ధతి త్వరలోనే వాడుకకు వచ్చెను. ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని తిన్న కోడిపిల్లలు వేగముగా పెరుగుట చూచి, ఇట్టి మందులను పశువుల మేతలో కలుపుటయు ప్రబలెను. అయితే సూక్ష్మజీవులు మందులకు లొంగకుండుట పెరిగెను. ఐరోపా కూటమి పశువుల పెరుగుదలకై మేతలో వీనిని కలుపుటను 2006లో పూర్తిగా నిలిపివేసెను.

పొదుగునకు ఎక్కించిన మందు కొన్నాళ్ల వరకు పాలలోనికి దిగుచుండును. అట్టి పాలు కలిసినచో తోడులోని మేలుచేయు సూక్ష్మజీవులును నశించును, పెరుగు తోడుకొనదు. త్రాగిన వారికిని హాని కలుగవచ్చును. కావున పశువైద్యుడు చెప్పిన గడువు తీరువరకు నాలుగు చనుకట్ల పాలును పాలకేంద్రమునకు పోయక వేరుచేయవలెను. ఒకే ఆవు గల ఇంటికి అది చిన్న నష్టము కాదు. అందుచేతనే పాడి తెలిసిన గృహిణులు పితుకుటకు ముందు పొదుగు కడిగి తుడిచి, పితికిన వెంటనే ఆవు ముందు పచ్చిగడ్డి వేయుదురు. అది మేయుచు నిలిచియున్నంత సేపటిలో చనుమొన రంధ్రము మూసికొనును.