హెన్రీ జాన్సన్ (సైనికుడు)

విలియం హెన్రీ జాన్సన్ (1892 జూలై 15 - 1929 జూలై 1) మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు యుద్ధరంగంలో పోరాడిన ఆఫ్రికన్ అమెరికన్ సైనికుడు. ఇతడు అమెరికా సైన్యపు 369వ పదాతి రెజిమెంటుకు చెందినవాడు. 1918 మే నెలలో ఆర్గాన్ అటవీప్రాంతంలో జర్మను సైనికుల ముట్టడిని దాదాపు ఒంటరిగా ఎదిరించి, 21 గాయాలు పొంది, తోటి సైనికుడు శత్రువులకు బందీగా చిక్కకుండా కాపాడాడు. ఫ్రెంచి ప్రభుత్వము ఇతనికి వెంటనే తమ యుద్ధపతకాన్ని ప్రదానం చేసింది. స్వదేశమైన అమెరికా మాత్రం ఇతడు జీవించి ఉండగా ఒక్క శౌర్యపతకమైనా ఇవ్వలేదు. సైనిక రికార్డులలోని లోపాలను పూరించడానికి అనేకులు దీర్ఘకాలం చేసిన కృషి ఫలితంగా 1996లో పర్పుల్ హార్ట్, 2003లో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్, 2015లో అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇతనికి మరణానంతరం లభించాయి.

బాల్యము, తొలి జీవితము

జాన్సన్ నార్త్ కరోలినా రాష్ట్రంలో జన్మించాడు. ఇతని జన్మదినంగా 1892 జూలై 15 చెప్పబడుతున్నది. కౌమారదశలోనే ఉత్తరాదికి వలస వెళ్ళి న్యూయార్క్ రాష్ట్ర రాజధాని అయిన ఆల్బనీ నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ బొగ్గు గోదాములో కూలీగాను, సోడా కలిపేవాడిగాను, కారు డ్రైవరుగాను పనిచేసి, చివరకు ఆల్బనీ యూనియన్ రైల్వేస్టేషనులో ప్రయాణికుల సామాను మోసే పోర్టరుగా కుదురుకున్నాడు. ఇతడు పొట్టివాడు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు సుమారు 130 పౌన్లు మాత్రమే. 1917లో ఎడ్నా జాక్సన్‌ను వివాహమాడాడు.

సైన్యంలో చేరిక

అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించిన రెండు నెలలకు, 1917 జూన్ 5న, జాన్సన్ న్యూయార్క్ నేషనల్ గార్డుకు చెందిన 15వ పదాతి రెజిమెంటులో చేరాడు. ఆ కాలంలో అమెరికా సైన్యంలో జాతి వేర్పాటు అమలులో ఉండేది. నల్లజాతివారు ప్రత్యేక దళాలలోనే పనిచేయవలసి వచ్చేది. హార్లెమ్ కేంద్రంగా ఏర్పడిన ఈ రెజిమెంటుకు శ్వేతజాతీయుడైన కల్నల్ విలియం హేవర్డ్ అధిపతి. సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో శిక్షణ పొందుతున్నప్పుడు స్థానికుల నుండి ఈ సైనికులు అవమానాలను ఎదుర్కొన్నారు. ఘర్షణలు ముదురుతాయన్న భయంతో రెజిమెంటును కొద్ది రోజులకే అక్కడినుండి తరలించారు.

1918 ప్రారంభంలో రెజిమెంటు ఫ్రాన్సు చేరుకున్నది. మొదట వీరికి ఆయుధాలకు బదులు పారలు ఇచ్చారు. రేవుల వద్ద సరుకు దింపడం, రైలుమార్గాలు వేయడం వంటి పనులే అప్పగించబడ్డాయి. తరువాత అమెరికా సేనాధిపతి జనరల్ జాన్ పెర్షింగ్ ఈ రెజిమెంటును ఫ్రెంచి సైన్యానికి అప్పగించాడు. సుదీర్ఘ యుద్ధంలో అసంఖ్యాకంగా సైనికులను కోల్పోయిన ఫ్రెంచివారు వీరిని ఆదరించి, తమ రైఫిళ్ళు, శిరస్త్రాణాలు ఇచ్చి, కందకాలలోకి పంపారు. అప్పటికే వీరి దళం పేరు 369వ పదాతి రెజిమెంటుగా మారింది. తరువాతి కాలంలో వీరు 'హార్లెమ్ హెల్‌ఫైటర్స్' అన్న పేరుతో ప్రఖ్యాతి చెందారు.

1918 మే 15 నాటి పోరాటము

ఫ్రాన్సులో సేంత్ మెనూ పట్టణానికి వాయవ్యంగా, తుర్బ్, ఐన్ నదుల మధ్య ఉన్న ప్రాంతంలో జాన్సన్ దళం మోహరించి ఉండేది. మే 14 రాత్రి జాన్సన్, న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్‌కు చెందిన నీధమ్ రాబర్ట్స్ అనే మరొక సైనికుడు కలసి ముందరి కాపలా స్థావరంలో ఉన్నారు. శత్రువు కదలికలను చెవులతో పసిగట్టి వెనుక ఉన్న దళాన్ని హెచ్చరించడం వారి బాధ్యత. అర్ధరాత్రి దాటిన తరువాత ముళ్ళతీగలను కత్తిరిస్తున్న చప్పుడు వినవచ్చింది. కొద్దిసేపటికే జర్మను దళం గ్రెనేడులతో దాడి చేసింది. దాడిచేసినవారు కనీసం 12 మంది అని అమెరికా సైన్యపు అధికారిక ప్రశంసాపత్రం పేర్కొంటున్నది. అంతకు రెట్టింపు ఉండవచ్చునని ఆనాటి అంచనాలు కొన్ని చెబుతున్నాయి.

రాబర్ట్స్ తొలి దశలోనే తీవ్రంగా గాయపడ్డాడు. లేవలేని స్థితిలో కందకంలో పడి ఉండి జాన్సన్‌కు గ్రెనేడులు అందించాడు. గ్రెనేడులు అయిపోయాక జాన్సన్ రైఫిలు పేల్చాడు. అది ఫ్రెంచి రైఫిలు. తొందరలో దానిలో అమెరికన్ తూటాల క్లిప్పు పెట్టడంతో అది ఇరుక్కుపోయింది. అప్పుడతడు తుపాకిని తిరగేసి గదవలె ప్రయోగించాడు. ఇంతలో జర్మన్లు రాబర్ట్స్‌ను బందీగా ఎత్తుకుపోవడం గమనించి, నడుమున ఉన్న బోలో కత్తి దూసి వారిపైకి దూకాడు. ఈ హఠాత్ పరిణామానికి శత్రువులు రాబర్ట్స్‌ను వదలి, తమ గాయపడినవారిని మోసుకొని వెనుదిరిగారు. సహాయక దళం వచ్చిన తరువాత జాన్సన్ స్పృహ తప్పి పడిపోయాడు.

తెల్లవారిన తరువాత రెజిమెంటు అధికారి ఆర్థర్ లిటిల్ సంఘటనాస్థలాన్ని పరిశీలించాడు. శత్రువులు వదలివెళ్ళిన పిస్తోళ్ళు, గ్రెనేడులు, తీగలు కత్తిరించే పనిముట్లు అక్కడ దొరికాయి. జాన్సన్ శరీరంపై 21 గాయాలున్నాయి. ఎడమపాదం ఎముకలు నుజ్జయ్యాయి.

కీర్తి, స్వదేశాగమనము

ఫ్రెంచి సైన్యము జాన్సన్, రాబర్ట్స్ ఇద్దరికీ 'క్రువా ద గెర్' పతకాన్ని ప్రకటించింది. ఈ యుద్ధంలో ఆ పతకాన్ని అందుకున్న తొలి అమెరికన్ సైనికులలో వీరిద్దరూ ఉన్నారు. జాన్సన్ పతకానికి విశేష శౌర్యచిహ్నమైన బంగారు తాళపత్రం కూడా జతచేయబడింది. మే 20న, అనగా సంఘటన జరిగిన అయిదు రోజులకే, జనరల్ పెర్షింగ్ పంపిన అధికారిక ప్రకటనలో ఈ పోరాటం ప్రశంసించబడింది. అమెరికా పత్రికలు దీనిని 'హెన్రీ జాన్సన్ యుద్ధం' అని వర్ణించాయి. జాన్సన్‌కు సార్జెంటు హోదా లభించింది.

1919 ఫిబ్రవరి 17న న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో 369వ రెజిమెంటు విజయోత్సవ ఊరేగింపు జరిగింది. గాయపడిన పాదం కారణంగా జాన్సన్ ఓపెన్ టాప్ కారులో ఊరేగాడు. సైనిక నియామకాలకు, యుద్ధనిధి స్టాంపుల అమ్మకానికి ప్రభుత్వం ఇతని పేరును వాడుకున్నది. ఆ యుద్ధంలో రెజిమెంటు 191 రోజులు ముందు వరుసలో నిలిచింది. యుద్ధకాలంలో గాని, యుద్ధానంతరం వెంటనే గాని ఒక్క నల్లజాతి సైనికునికి కూడా మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వబడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపిన శౌర్యానికి ఆ పతకము పొందిన తొలి నల్లజాతి సైనికుడు ఫ్రెడ్డీ స్టవర్స్. అది కూడా మరణానంతరం, 1991లో.

రికార్డులలోని లోపము

జాన్సన్ డిశ్చార్జి పత్రాలలో ఇతని గాయాల ప్రస్తావనే లేదు. పత్రికలలో, ఊరేగింపులలో, ఫ్రెంచి సైనిక ఉత్తర్వులలో నమోదైన విషయము ఇతని స్వంత సేవాపత్రంలో మాత్రం నమోదు కాలేదు. యుద్ధంలో గాయపడినవారికి ఇచ్చే పర్పుల్ హార్ట్ 1932లో పునరుద్ధరించబడేనాటికి ఇతడు మరణించి మూడేళ్ళయింది. దరఖాస్తు చేయడానికి ఇతడు లేడు. ఇతని తరఫున చూపడానికి పత్రమూ లేదు.

1919 మార్చిలో సెయింట్ లూయీ నగరంలో చేసిన ప్రసంగంలో జాన్సన్, యుద్ధరంగంలో నల్లజాతి సైనికులపట్ల శ్వేతజాతి సైనికులు చూపిన వివక్షను బహిరంగంగా విమర్శించాడు. దానితో కలకలం చెలరేగింది. గడువు తీరిన తరువాత కూడా యూనిఫాం ధరించాడన్న అభియోగంపై ఇతనిపై అరెస్టు వారంటు జారీ అయింది. ఉపన్యాసాలకు ఆహ్వానాలు నిలిచిపోయాయి. అప్పటివరకు ఇతనిని శ్లాఘించినవారు మౌనం వహించారు.

చివరి రోజులు

జాన్సన్ తిరిగి పోర్టరు పనికి వెళ్ళాడు గాని, దెబ్బతిన్న పాదంతో బరువులు మోయడం సాధ్యం కాలేదు. సంసారము చెదిరిపోయింది. క్షయవ్యాధి సోకింది. ఇతనికి ప్రభుత్వం నుండి ఏ సహాయమూ అందలేదని చాలాకాలం ప్రచారంలో ఉన్నది. అయితే 1927 సెప్టెంబరు 16న వెటరన్స్ బ్యూరో ఇతనిని శాశ్వత, సంపూర్ణ వికలాంగునిగా గుర్తించిందని, మరణించేవరకు నెలవారీ భృతి అందిందని ఆ సంస్థ పత్రాలవలన తెలుస్తున్నది. ఈ గుర్తింపు క్షయవ్యాధి కారణంగా వచ్చినదే తప్ప, యుద్ధంలో తగిలిన గాయాల కారణంగా వచ్చినది కాదు. 1929 జూలై 1న వాషింగ్టన్ నగరంలో గుండెజబ్బుతో జాన్సన్ మరణించాడు.

రికార్డుల సవరణకు కృషి

ఆల్బనీ పౌరులు, మాజీ సైనికులు, ముఖ్యంగా వియత్నాం యుద్ధంలో పాల్గొన్న స్థానికులు జాన్సన్ పేరు మరుగున పడకుండా కాపాడారు. 1991లో ఆల్బనీ వాషింగ్టన్ పార్కులో ఇతని విగ్రహం ప్రతిష్ఠించబడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో టస్కీగీ వైమానికుడైన హెర్మన్ జాన్సన్ తాను హెన్రీ జాన్సన్ కుమారుడనని నమ్మి, ఈ ఉద్యమానికి ఎంతో శ్రమించాడు.

వీరి కృషికి తొలి ఫలితము 1996లో లభించింది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ హయాంలో జాన్సన్‌కు మరణానంతరం పర్పుల్ హార్ట్ ప్రదానం చేశారు. మెడల్ ఆఫ్ ఆనర్ కొరకు చేసిన అభ్యర్థన మాత్రం 2001లో తిరస్కరించబడింది. ఆనాటి సాక్ష్యాధారాలు చాలవన్నది కారణం. దాని బదులుగా రెండవ అత్యున్నత పతకమైన డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఆమోదించబడి, 2003లో ప్రదానం చేయబడింది.

మెడల్ ఆఫ్ ఆనర్‌కు సంఘటన కాలంనాటి పత్రాలు, ప్రత్యక్షసాక్షుల కథనాలు, పై అధికారుల ధ్రువీకరణ అవసరం. సిఫారసుకు, ప్రదానానికి చట్టం గడువు విధించింది. ఆ గడువు దాటితే అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా సడలింపు ఇవ్వవలసి ఉంటుంది. కనుక జాన్సన్ పక్షాన పనిచేసినవారికి ముందుగా పాత పత్రాలు దొరకడం, ఆ తరువాత చట్టం మారడం రెండూ అవసరమయ్యాయి.

న్యూయార్క్ సెనేటరు చార్లెస్ షూమర్ కార్యాలయ సిబ్బంది అన్వేషణలో 1918 మే 20 నాటి పెర్షింగ్ ప్రకటన వెలుగుచూసింది. సర్వసేనాధిపతి స్వయంగా పంపిన ఈ పత్రము 2001 నాటి అభ్యంతరానికి సమాధానమైంది. దీనితోపాటు ఇతర ఆధారాలను చేర్చి 2011లో 1,258 పుటల అభ్యర్థనను సైన్యానికి సమర్పించారు. 2014 డిసెంబరులో ఆమోదం పొందిన రక్షణ చట్టంలో గడువు సడలింపు చేర్చబడింది.

మెడల్ ఆఫ్ ఆనర్

2015 జూన్ 2న శ్వేతసౌధంలో అధ్యక్షుడు బరాక్ ఒబామా హెన్రీ జాన్సన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటించాడు. అదే సభలో మొదటి ప్రపంచ యుద్ధ సైనికుడైన విలియం షెమిన్‌కు కూడా ఈ పతకము మరణానంతరం లభించింది. షెమిన్ యూదుడు. జాన్సన్ తరఫున న్యూయార్క్ నేషనల్ గార్డుకు చెందిన కమాండ్ సార్జెంట్ మేజర్ లూయిస్ విల్సన్ పతకాన్ని అందుకున్నాడు. పోరాటానికి, పతకానికి మధ్య 97 సంవత్సరాలు గడిచాయి.

అన్వేషణలో తేలిన ఇతర విషయాలు

పత్రాల అన్వేషణ జాన్సన్ జీవితానికి సంబంధించిన మరికొన్ని అపోహలను తొలగించింది. ఇతనిని బీదల శ్మశానంలో పాతిపెట్టారని దశాబ్దాలపాటు అనుకున్నారు. నిజానికి 1929 జూలైలోనే ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక మర్యాదలతో ఖననం చేశారని 21వ శతాబ్ది తొలి ఏళ్ళలో తేలింది. సమాధి 25వ విభాగంలో ఉన్నది.

మరొక విషయము బాధాకరమైనది. పతకప్రదానానికి ముందు వారసులను నిర్ధారించడానికి సైన్యం జరిపిన వంశావళి పరిశోధనలో, హెర్మన్ జాన్సన్‌కు హెన్రీ జాన్సన్‌తో రక్తసంబంధం లేదని వెల్లడైంది. హెర్మన్ 2004లోనే మరణించాడు. 2003 నాటి పతకానికి కారణమైన కృషిలో ఆ కుటుంబపు పాత్ర మాత్రం చరిత్రలో నిలిచి ఉన్నది. బంధువులెవరూ ధ్రువపడనందువలననే 2015లో పతకాన్ని నేషనల్ గార్డు స్వీకరించింది.

స్మారకాలు

ఆల్బనీలో ఒక ప్రధాన రహదారికి హెన్రీ జాన్సన్ బులెవార్డ్ అని పేరు పెట్టారు. 369వ రెజిమెంటు మొత్తానికి కాంగ్రెసు బంగారు పతకం ఇవ్వడానికి 2021లో చట్టం చేయబడింది. అంతర్యుద్ధకాలపు కాన్ఫెడరేట్ సేనానుల పేర్లతో ఉన్న సైనిక స్థావరాల పేర్లు మార్చినప్పుడు, 2023 జూన్‌లో లూసియానాలోని ఫోర్ట్ పోక్ స్థావరానికి ఫోర్ట్ జాన్సన్ అని హెన్రీ జాన్సన్ పేరు పెట్టారు. 2025లో ఆ పేరు తొలగించి, రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన జనరల్ జేమ్స్ పోక్ స్మారకంగా పాత పేరునే పునరుద్ధరించారు. జాన్సన్ సైనిక రికార్డులో చేర్చబడిన మూడు పతకాలు యథాతథంగా ఉన్నాయి.