మరల వచ్చిన దైవజనుడు: ఫాదర్ హయ్యర్ గారు



పదిమంది కుష్ఠరోగులు స్వస్థత నొందిన సంగతి మనకందరికిని తెలిసినదే. పదిమందియు బాగుపడిరి గాని, కృతజ్ఞత చెల్లించుటకు మరల వచ్చినవాడు ఒక్కడే. అతడును పరదేశియే. ఈ శతవార్షిక సంచికకు కృతజ్ఞతను గూర్చి వ్రాయబూనినప్పుడు, మన పల్నాటికి వచ్చిన మరియొక పరదేశి మాకు జ్ఞాపకమునకు వచ్చిరి. వారే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు.

వీరు 1793 జూలై 10న జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెట్ పట్టణములో జన్మించిరి. పద్నాలుగేండ్ల ప్రాయమున అమెరికా చేరి, బంధువుల యింట నుండి పని నేర్చుకొనిరి. పిదప దైవసేవకు పిలుపునంది, 1820లో గురుపట్టాభిషేకము పొంది, అనేక సంఘములను స్థాపించిరి. 1839లో వారి సతీమణి ప్రభువునందు నిద్రించిరి. దుఃఖముతో ఇంటిపట్టున ఉండిపోయినను ఎవరును తప్పుపట్టని సమయమది. అయినను హయ్యర్ గారు 1841లో బోస్టను రేవున ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరిరి. అప్పటికి వారికి 49 ఏండ్లు. నాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ గారు వారిని ఆదరించిరి. పాఠశాలలు వెలసెను, బాలికలకును చదువు ప్రారంభమయ్యెను.

1846లో వారు అమెరికా వెళ్లిరి. అచ్చట విశ్రమింపక, బాల్టిమోరులో వైద్యవిద్య నభ్యసించి, 1848లో మరల వచ్చిరి. 1849లో గురజాలను తమ నివాసముగా చేసికొనిరి. నేడు మనము నరసరావుపేటలో బస్సెక్కి పిడుగురాళ్ల మీదుగా సులువుగా గురజాల చేరుచున్నాము. ఆనాడు రైలు లేదు, మోటారు లేదు. నాపరాళ్లను కాల్చు ఆ యెండలలో వారు సువార్త ప్రకటించుచు, చదువు చెప్పించుచు, రోగులకు మందులిచ్చుచు సంచరించిరి. పల్నాటి సంఘములకు నాటి ప్రయాసమే పునాది.

1857లో వారు స్వదేశమునకు తిరిగి వెళ్లిరి. వారి పని అంతటితో ముగిసినదని తలంచుట సహజము. కాని 1869లో రాజమండ్రి మిషను వేరొకరికి అప్పగింపబడనున్నదని వినినంతనే, 76 ఏండ్ల ఆ వృద్ధుడు మూడవసారి బయలుదేరి, ఆ యేటి డిసెంబరులో రాజమండ్రి చేరిరి. పనిని నిలబెట్టి, తరువాతి వారి కప్పగించి వెళ్లి, 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో తమ పరుగు ముగించిరి.

ప్రియులారా, కృతజ్ఞత అనగా మరల వచ్చుటయే. మేలు పొందిన దినమున స్తోత్రము చెప్పుట మనకందరికిని చేతనగును. నష్టము కలిగిన పిమ్మట మరల వచ్చుటయే కష్టము.

ఈ విషయములో మా తప్పును ఒప్పుకొనవలెను. ఏటేట కోతపండుగకు మిరపకాయల బస్తా తెచ్చు సహోదరుడొకరు ఒక యేడు రాలేదు. అకాల వర్షమునకు పంట పోయినదని మాకు తెలియును. అయినను మేము వారి యింటికి వెళ్లలేదు. కానుకల జాబితా చదివితిమి, వేలము ముగించితిమి, ఆయన పేరు మరచితిమి. మూడవ ఆదివారమున ఆయనే వచ్చి వెనుక బల్లపై కూర్చుండిరి. ఆరాధన ముగిసిన తరువాత, కండువా కొంగున కట్టి తెచ్చిన గుప్పెడు కాయలను బలిపీఠము నొద్ద ఉంచి, మౌనముగా ప్రార్థించి వెళ్లిరి. ఆనాడు కృతజ్ఞతను గూర్చి ప్రసంగించినవారము మేము, నేర్పినవారు ఆయన. ఆ సాయంకాలమే వారి గుమ్మము తొక్కితిమి. ముందు వెళ్లవలసిన వారము తరువాత వెళ్లితిమి.

కాబట్టి కృతజ్ఞతను పండుగ దినమునకు దాచి ఉంచుకొనక, అనుదినము అభ్యసింతము. అన్నము ముందు కూర్చుండినప్పుడు దేవునితోపాటు పండించినవారిని, వండినవారిని తలంచుకొందము. మనకు అక్షరము నేర్పిన గురువును, జబ్బులో ఆదుకొన్న పొరుగువారిని మరల వెళ్లి పలుకరింతము. ఈ యేడు కానుక తేలేని యింటికి మొదట మనమే వెళ్లుదము.

మరల వచ్చు హృదయమును ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.