పింఛనుదారుడు ఫారడే మహాశయుడు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరగా, మన ఇళ్ళలో దీపాలు వెలగడానికి మూలపురుషుడూ, మనవలెనే పింఛనుదారుడూ అయిన మైకేల్ ఫారడే గారిని ఎంచుకొన్నాను.

ఆయన 1791 సెప్టెంబరు 22న లండన్ సమీపంలో ఒక పేద కమ్మరి ఇంట జన్మించారు. బడిచదువు అంతంతమాత్రం. పద్నాలుగేళ్ళ వయసులో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకొన్నారు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, వ్రాసుకొన్న నోట్సును తానే బైండు చేసి ఆయనకు పంపారు. మరుసటి ఏడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వారానికి 25 షిల్లింగుల జీతంపై సహాయకుడిగా చేరారు.

విద్యుత్తు వలన అయస్కాంత ప్రభావం కలుగుతుందని 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆయర్‌స్టెడ్ చూపారు. మరి అయస్కాంతం వలన విద్యుత్తు పుట్టదా? ఈ ప్రశ్న ఫారడేను ఏళ్ళ తరబడి వెంటాడింది. 1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియానికి రెండు పక్కలా వేరువేరుగా రాగితీగ చుట్టారు. ఒక చుట్టను బ్యాటరీకి కలపగానే, రెండో చుట్ట తీగ దగ్గరున్న దిక్సూచి ముల్లు కదిలి, మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. బ్యాటరీ తీసినపుడు ఎదురు దిక్కుకు కదిలింది. మధ్యలో బ్యాటరీ కలిపి ఉన్నంతసేపూ చలనం లేదు. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతపు కడ్డీని దూర్చి చూశారు. దూర్చేటప్పుడు, లాగేటప్పుడు మాత్రమే కరెంటు పుట్టింది. అయస్కాంత క్షేత్రం ఉంటే చాలదు, అది మారుతూ ఉండాలి. ఇదే ఆయన కనుగొన్న రహస్యం.

మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు ఆ కడియానికి మనుమడే. శ్రీశైలంలో నీటి వేగానికి జనరేటరు తిరిగి కరెంటు పుట్టేదీ ఈ సూత్రం మీదనే.

గుమాస్తాగా దస్త్రాల మధ్య ఉద్యోగం చేసిన నాకు ఆయన డైరీ మరీ ముచ్చట. ప్రయోగాలను వరుస నంబర్లతో 16 వేలకు పైగా పేరాలుగా నమోదు చేశారు. ఫలించనివి కూడా వదలలేదు.

ఇక పింఛను సంగతి. 1835లో ప్రధానమంత్రి మెల్‌బోర్న్ ప్రభువు ఆయనను పిలిపించి, శాస్త్రజ్ఞులకు పింఛన్లివ్వడమే ఒక బూటకమన్నట్లు తేలికగా మాట్లాడారు. ఫారడే ధనవంతుడు కాదు. అయినా అదే రోజున ఆ పింఛను వద్దని ఉత్తరం వ్రాసి ఇచ్చారు. ప్రధాని లిఖితపూర్వకంగా విచారం తెలిపిన పిమ్మటనే ఏడాదికి 300 పౌన్ల పింఛను స్వీకరించారు.

వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు వద్ద ఇచ్చిన ఇంట్లో, 1867 ఆగస్టు 25న కన్నుమూశారు.

పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ తేదీనే మనం పెన్షనర్ల దినంగా జరుపుకొంటున్నాము. అంతకు 147 ఏళ్ళ ముందే ఆ మర్యాదను పట్టుబట్టి నిలుపుకొన్న పెన్షనరు ఫారడే. స్విచ్చి వేసేటప్పుడు మనవలకు, మనవరాళ్ళకు ఆయన కథ చెప్పవలసిందిగా మిత్రులను కోరుతున్నాను.